పాట ఆగాక మొదలయ్యే బరువు

పెళ్లిలో పాట అందరికీ వినిపిస్తుంది. ఆ పాటని మోసుకొచ్చిన నడుములు మాత్రం ఎవరికీ కనిపించవు. తెనాలి దగ్గర ఓ సౌండ్ సర్వీసు యజమాని ప్లైవుడ్ చెక్కకి నాలుగు చక్రాలు బిగించారు. అంత చిన్న పనికి ఆయనకి ఇరవయ్యేళ్లు పట్టింది. ఎందుకంటే...

రాత్రి పదయింది. ఆఖరి పాట ఆగింది. రిసెప్షన్‌కి వచ్చినవాళ్లు కిళ్లీ నములుతూ కార్లెక్కుతున్నారు. ‘సౌండు అదిరింది కదూ’ అని ఎవరో అన్నారు. ఆ మాట స్టేజీ పక్కన వైర్లు చుడుతున్న కుర్రాళ్ల చెవిన పడింది. అయినా ఎవరూ తలెత్తలేదు. వాళ్ల అసలు పని అప్పుడే మొదలవుతోంది మరి!

స్టేజీకి అటు నాలుగు, ఇటు నాలుగు... మొత్తం ఎనిమిది బేస్ బాక్సులు. ఒక్కోదాంట్లో 18 అంగుళాల స్పీకర్లు రెండేసి. వాటిని ఎత్తాలి, మెట్లు దింపాలి, ఇసకలో నడిపించాలి, మూడడుగుల ఎత్తున్న లారీలోకి ఎక్కించాలి. అక్కడితో అయిపోదు. ఒకదాని మీద ఒకటి పేర్చాలి. తెల్లారేసరికి ఇంకో ఊళ్లో మళ్లీ దించాలి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకరు మోగకూడదని 2000 సంవత్సరంలో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. మోగకూడదన్నారు గానీ మోయకూడదని ఎవరూ అనలేదు. అందుకే ఈ పనంతా ఒళ్లు బాగా అలిసిపోయిన వేళే జరుగుతుంది.

ఆ ఎనిమిది బాక్సుల యజమానికి ఇప్పుడు యాభై దాటాయి. ఒకప్పుడు ఆయనా మోసినవాడే. నలభై నిండకముందే నడుము మొరాయించింది. పెళ్లిళ్ల సీజను వచ్చిందంటే ఆయన భార్య మూకుట్లో గల్లుప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి సిద్ధంగా ఉంచేది. ఆయన ఏ రెండింటికో మూడింటికో వచ్చి బోర్లా పడుకుంటే కాపడం పెట్టేది. ‘ఆ పెట్టెలకి కాళ్లుంటే ఎంత బావుణ్ణు’ అని ఆవిడ తరచూ అనేది. ఆయన నవ్వేసేవారు.

బాకా నుంచి బాక్సు దాకా...

ఆయన ఈ పనిలోకి వచ్చిన కొత్తలో మైకు సెట్టంటే రెండు బాకాలు, ఒక అహూజా యాంప్లిఫయరు, ఒక బ్యాటరీ, నాలుగు క్యాసెట్లు. రెండు సైకిళ్ల మీద సెట్టంతా వెళ్లిపోయేది. బాకాని వేపచెట్టు కొమ్మకి కట్టేస్తే పక్క ఊరికి కూడా వినిపించేది. బరువనే మాటే ఉండేది కాదు.

తర్వాత జనానికి పాట వినపడితే సరిపోలేదు. గుండెకి తగలాలన్నారు. డప్పు దెబ్బ, బేస్ గిటారు మోత గుండెకి తగలాలంటే బాకా చాలదు. మంద్రస్వరం తరంగం పొడుగ్గా ఉంటుంది. సెకనుకు 40 కంపనాలున్న శబ్దాన్నే తీసుకుంటే దాని తరంగం పొడవు సుమారు 28 అడుగులు! ఆ శబ్దాన్ని గట్టిగా పుట్టించాలంటే బోలెడు గాలిని కదపాలి. అందుకు పెద్ద స్పీకరు కావాలి, దాని వెనక బరువైన అయస్కాంతం కావాలి, ఆ అదురుకి గిలగిల్లాడని మందపాటి చెక్కపెట్టె కావాలి. ఆ మూడూ కలిస్తే బరువు కాక మరేమవుతుంది?

అలా సైకిలు పోయి రిక్షా, రిక్షా పోయి ఆటో, ఆటో పోయి డీసీఎం వచ్చాయి. ఆ పేరుతో లారీలు చేసిన కంపెనీ ఏనాడో కనుమరుగైనా, తెలుగునాట మధ్యరకం లారీని ఇప్పటికీ చాలామంది డీసీఎం అనే పిలుస్తారు. బండి పెరిగింది, బాక్సు పెరిగింది. మోసే మనిషి నడుము మాత్రం అదే!

‘బరువెంత?’ అన్నారు డాక్టరు

2018 శ్రీరామనవమి. పందిట్లో కార్యక్రమం ముగిసింది. ఆయన అన్న కొడుకు, ఇంకో కుర్రాడూ కలిసి బాక్సుని స్టేజీ మెట్ల మీంచి దింపుతున్నారు. మెట్లు దిగేటప్పుడు బరువు చెరిసగం కాదు. కింద ఉన్నవాడి మీదే ఎక్కువ పడుతుంది. కింద ఉన్నది అన్న కొడుకు. చెమటకి చెయ్యి జారింది. బాక్సు మూల వచ్చి పాదం మీద పడింది. రెండు వేళ్లు విరిగాయి.

ఆస్పత్రిలో కట్టు కడుతూ డాక్టరు అడిగిన ప్రశ్న ఒక్కటే. ‘ఆ పెట్టె బరువెంత?’

యజమాని దగ్గర జవాబు లేదు. బాక్సు ఎన్ని వాట్లో చెప్పగలరు. అద్దె ఎంతో చెప్పగలరు. ఏ ఊరి పందిట్లో ఎక్కడ నిలబెడితే బాగా మోగుతుందో చెప్పగలరు. ఇరవయ్యేళ్లు మోసీ, మోయించీ, ఒక్కసారి కూడా తూచలేదు! మర్నాడే బాక్సుని రైసుమిల్లుకి తీసుకెళ్లి బస్తాల కాటా మీద పెట్టించారు. ముల్లు 92 కిలోల దగ్గర ఆగింది.

మన ఇంట్లోకి వచ్చే నిండు గ్యాస్ సిలిండరు దాదాపు 30 కిలోలు ఉంటుంది. అంటే బాక్సు ఒక్కటీ మూడు సిలిండర్ల ఎత్తు. సిమెంటు బస్తా 50 కిలోలు. పెద్ద మగమనిషి చేత్తో మోసే బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1991లో సవరించిన లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. పట్టు బాగుండి, వస్తువు ఒంటికి దగ్గరగా ఉండి, నడుము మెలి తిరగకుండా... ఇలా అన్నీ అనుకూలిస్తేనే 23 కిలోలట! చీకట్లో, ఇసకలో, మెట్ల మీద, నిద్రమత్తులో మోసేవాడి సంగతి ఆ లెక్కలో ఎక్కడుంటుంది?

చక్రం ఎందుకు ఆలస్యమైంది?

చక్రం పుట్టి వేల ఏళ్లయింది. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టింది 1969లో. చక్రాల సూట్‌కేసుకి అమెరికాలో పేటెంటు దక్కింది మాత్రం 1972లో! అప్పటిదాకా ప్రయాణికులు బరువులన్నీ చేత్తోనో, కూలీల నెత్తినో మోయించారు. మోసే మనిషి చవగ్గా దొరికితే చక్రం గురించి ఎవరూ ఆలోచించరేమో.

సౌండ్ సర్వీసు విషయంలోనూ అంతే. ‘కుర్రాళ్లున్నారుగా’ అన్నదే ఇన్నాళ్లూ యజమాని సమాధానం. పెద్ద కచేరీలు చేసే సంస్థలకి చక్రాల పలకలుంటాయని ఆయనకి తెలుసు. వాటిని డాలీలంటారనీ తెలుసు. మనకి తెలిసిన డోలీ వేరు. రోడ్డు లేని కొండ గూడేల నుంచి గర్భిణిని కర్రకి కట్టిన దుప్పట్లో మోసుకొచ్చారని పేపర్లో చదువుతుంటామే, అదీ డోలీ. దాంట్లో బరువంతా భుజాల మీదే. ఈ డాలీ ఆ భుజాలకి సెలవిచ్చేది. పలికితే రెండూ దాదాపు ఒక్కటే. మోసేవాడికి మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా!

ప్లైవుడ్ చెప్పిన కొలత

ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి ఆయన వడ్రంగిని పిలిపించారు. ‘ఇంత చెక్క కోసి నాలుగు చక్రాలు కొట్టెయ్యి’ అన్నారు. వడ్రంగి మూడడుగుల మూడంగుళాల వెడల్పుతో రెండు పలకలు కోశాడు. వేళ్లు నలగకుండా పక్కన కాస్త జాగా ఉండాలని అతని ఆలోచన. గోడౌన్‌లో బ్రహ్మాండంగా దొర్లాయి. లారీలోకి రెండూ పక్కపక్కన ఎక్కిస్తే... పట్టలేదు. లారీ లోపలి వెడల్పు ఆరడుగుల నాలుగంగుళాలు. పలకలు రెండూ కలిపి ఆరడుగుల ఆరంగుళాలు. రెండంగుళాల తేడాకి మొత్తం పని నిలిచిపోయింది!

అప్పుడు అర్థమైంది. డాలీకి కొలత బాక్సు నుంచి కాదు, లారీ నుంచి మొదలవ్వాలి. ఐరోపాలో సంగీత బృందాల సామాను మోసే ట్రక్కుల లోపలి వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు. అందుకే అక్కడ చాలా పెట్టెల్ని 60 సెంటీమీటర్లు, 120 సెంటీమీటర్లు చొప్పున చేస్తారు. నాలుగు చిన్నవి గానీ, రెండు పెద్దవి గానీ పక్కపక్కన పెడితే వరస నిండిపోతుంది. ఈ సంగతి మన యజమానికి ఎవరూ చెప్పలేదు. వడ్రంగి, ఆయనా లారీలో గొంతుక్కూచుని సుద్దముక్కతో గీతలు గీసుకుని అక్కడికే చేరారు.

బాక్సు వెడల్పు 46 అంగుళాలు, లోతు 30. చుట్టూ జారిపోకుండా ముప్పావు అంగుళం బద్దె కొట్టాలి. కాస్త సందు వదిలితే పలక 48 అంగుళాల పొడవు, 32 అంగుళాల వెడల్పు. ఆ అంకె వినగానే వడ్రంగి మొహం వెలిగిపోయింది. బజార్లో దొరికే ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. అంటే 96 అంగుళాలు, 48 అంగుళాలు. రంపం తినే పొట్టు పోగా సరిగ్గా మూడు పలకలు! వీసమెత్తు ముక్క కూడా వృథా కాదు.

లారీలో పక్కపక్కన రెండు పలకలు పెడితే 64 అంగుళాలు. ఇంకా పన్నెండంగుళాల సందు మిగులుతుంది. సందు అంటే ప్రమాదం. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా సామాను అటే దూకుతుంది. దానికీ ఉపాయం ఆలోచించారు. వైర్లు పెట్టుకునే పెట్టెల్ని పదకొండు అంగుళాల వెడల్పుతో చేయించి ఆ సందులో నిలబెట్టారు. ఎనిమిది బాక్సులు నాలుగు పలకల మీద, పలకలు రెండు వరసల్లో. పద్నాలుగు అడుగుల లారీలో ఎనిమిది అడుగులు వాటికే. మిగతా ఆరడుగుల్లో యాంప్లిఫయర్లు, చిన్న బాక్సులు, స్టాండ్లు.

మూడోది పెట్టొచ్చా అని కుర్రాళ్లు అడిగారు. రెండు బాక్సులకే ఎత్తు నాలుగున్నర అడుగులు. మూడోదాన్ని తలకంటే ఎత్తు లేపాలి. పైగా పలక వెడల్పు చూస్తే మూడడుగులు కూడా లేదు. ఎత్తు పెరిగేకొద్దీ చిన్న గుంట తగిలినా తూలి పడుతుంది. ‘మూడోది వద్దు’ అన్నది అప్పట్నుంచీ గోడౌన్‌లో శాసనం.

నాలుగు చక్రాలూ, మూడింటి లెక్కా...

రెండు బాక్సులు 184 కిలోలు. పలక, చక్రాలు కలిపి ఇంకో 16. వెరసి 200. నాలుగు చక్రాలు కాబట్టి ఒక్కోటి 50 కిలోలు మోస్తే చాలనుకుంటాం. కాదు. నేల ఎప్పుడూ సమంగా ఉండదు. ఒక చక్రం గాల్లో తేలితే బరువంతా మూడింటి మీదే. కాబట్టి మొత్తాన్ని మూడుతో భాగించాలి. అంటే ఒక్కోటి 67 కిలోలు. గుంటల కుదుపు కూడా కలుపుకుని 150 కిలోలు మోసే నాలుగంగుళాల చక్రాలు విజయవాడ నుంచి తెచ్చారు. నాలుగూ అన్ని వైపులకీ తిరిగేవే. లారీలో పక్కకి జరపాలంటే అలాగే ఉండాలి. రెండింటికి కాలితో నొక్కే బ్రేకు.

చక్రం దేంతో చేశారన్నదీ ముఖ్యమే. నైలాను గట్టిదే కానీ సిమెంటు నేల మీద గడగడలాడిపోతుంది. రబ్బరు మెత్తగా పోతుంది కానీ రోజుల తరబడి బరువు కింద నిలబెడితే ఒకవైపు చప్పబడిపోతుంది. రెంటికీ మధ్యన పాలీయురిథేన్ తొడుగు ఉన్న చక్రాలు కుదిరాయి.

అంతా బాగానే ఉంది కదా... ఇంకో పాఠం మిగిలే ఉంది. మొదటి పలకకి చక్రాల్ని స్క్రూలతో బిగించారు. మూడో ప్రోగ్రాముకే ర్యాంపు మీద మధ్యలో ఒక చక్రం చెక్కని చీల్చుకుని ఊడొచ్చింది. 200 కిలోలు పక్కకి ఒరిగాయి. అదృష్టం, కింద ఎవరూ లేరు. స్క్రూ ఎంత పొడుగుదైనా చెక్క పీచుని పట్టుకునే ఉంటుంది. అదురుకి ఆ పీచు వదులైపోతుంది. అందుకే పలకకి ఆరపార బెజ్జం వేసి, పైన వెడల్పాటి వాషరు, కింద వదులవ్వని నట్టు వేసి బోల్టులు బిగించాలి. ఆ రాత్రి మొత్తం స్క్రూలు పీకేశారు.

ర్యాంపు దగ్గర ఇంకో నియమం. లారీ ఎత్తు మూడడుగులు, ర్యాంపు పొడవు పన్నెండు. ఎత్తుకి నాలుగింతల పొడవు. కాబట్టి 200 కిలోల్ని తోయడానికి 50 కిలోల బలం, చక్రాల రాపిడికి ఇంకాస్త చాలు. పైనుంచి ఇద్దరు మోకుతో లాగుతారు. ఇద్దరు చెరో పక్కనా ఉండి తోస్తారు. బండికి సరిగ్గా కింద మాత్రం ఎవరూ నిలబడరు. లోపలికి వెళ్లాక బరువైనవన్నీ క్యాబిన్ గోడకి ఆనాలి. బ్రేకు వేసినప్పుడు ముందుకు దూకడానికి జాగా ఉండకూడదు. చక్రాల బ్రేకుల్ని నమ్మి ఊరుకోకూడదు. రాచెట్ బెల్టులతో లారీ కడ్డీలకి బిగించాలి. తాడయితే పది కిలోమీటర్లు పోయేసరికి సడలిపోతుంది.

మరి పొలంలో వేసిన పందిరైతే? తడిమట్టిలో నాలుగంగుళాల చక్రం కూరుకుపోతుంది. అక్కడ డాలీ కూడా దండమే పెడుతుంది. అప్పుడు లారీ నుంచి స్టేజీ దాకా పాత ప్లైవుడ్ షీట్లు పరుస్తారు. దాటిన షీటు తీసి ముందు వేస్తారు. ఆలస్యమే, కానీ నడుము మిగులుతుంది. నేల గట్టిగా ఉన్నచోట అసలు బాక్సుల్ని దించరు కూడా. పలకతో సహా స్టేజీ పక్కకి దొర్లించి, చక్రాలకి చెక్క చీలికలు అడ్డం పెట్టేస్తారు. లేకపోతే తన మోతకి తానే జరిగిపోతుంది మరి!

‘మా కూలి సంగతేంటన్నా?’

నాలుగు పలకలు సిద్ధమయ్యాయి. ఒక్కోదానికి మూడున్నర వేల దాకా ఖర్చయింది. ఎనిమిది మంది చేసే లోడింగు ఐదుగురితో అయిపోతోంది. గంటన్నర పని నలభై నిమిషాలకి దిగింది. యజమాని సంబరపడిపోయారు. కుర్రాళ్లు మాత్రం చప్పబడిపోయారు.

అందరిలోకీ పాత మనిషి, ఆయనతో సైకిళ్ల కాలం నుంచీ ఉన్నవాడు, ఓ రాత్రి బీడీ ఆర్పి అడిగేశాడు. ‘చక్రాలొచ్చాయి, బానే ఉంది. ఐదుగురు చాలంటే మరి మేం ముగ్గురం ఏమవ్వాలన్నా?’

ఆ ప్రశ్నకి ఏ ఇంజినీరింగు పుస్తకంలోనూ జవాబు దొరకదు. నడుము నొప్పి కూలివాడిదే, కూలి పోతుందన్న భయమూ వాడిదే. ఆయన ఆ రాత్రి నిద్రపోలేదు. భార్యతో అంటే ఆవిడ తేల్చేసింది. ‘నడుము విరిగినా వాళ్లకి కూలి పోయేదే కదా. ఇప్పుడు మిగిలిన టైముకి ఏదన్నా పని చూడండి.’

ఆయన ఎవర్నీ మానమనలేదు. రెండో బండి అద్దెకి తీసుకుని, ఒకేరోజు రెండు చిన్న ప్రోగ్రాములు ఒప్పుకోవడం మొదలెట్టారు. అన్నీ సినిమాలోలా ముగియలేదు. సీజను కాని రోజుల్లో ఒక కుర్రాడికి పని చూపలేకపోయారు. అతను గుంటూరు వెళ్లి మిర్చియార్డులో చేరాడు. ‘అక్కడా బస్తాలే మోస్తున్నాడు’ అని చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గుతుంది.

పాత మనిషికి మాత్రం కొత్త పని దొరికింది. చేతిలో సుద్దముక్క, చెవి మీద పెన్సిలు. ఏ పలక ముందు ఎక్కాలి, ఏ పెట్టె ఏ సందులో దూరాలి, ఏ బెల్టు ఎక్కడ బిగించాలి... అంతా అతని మాట ప్రకారమే. పలకల మీద అంకెలు వేసిందీ అతనే. కుర్రాళ్లు అతన్ని ‘ప్యాకింగు మాస్టారూ’ అని పిలుస్తున్నారు. మొదట్లో వెటకారానికే అన్నారు. ఇప్పుడు నిజంగానే అంటున్నారు.

అన్న కొడుకు పాదం మామూలుగానే ఉంది. చలికాలంలో వేళ్లు కాస్త సలుపుతాయంతే. ర్యాంపు దగ్గర చెప్పుల్తో ఎవరైనా కనిపిస్తే ఊరుకోడు. ‘బూట్లు వేసుకుని రారా, నా వేళ్లు చూపించమంటావా?’ అంటాడు.

మొన్నటి పెళ్లిళ్ల సీజన్లో ఓ రాత్రి ఆయన ఇంటికొచ్చేసరికి పన్నెండు కూడా కాలేదు. భార్య అలవాటుగా వంటింట్లోకి వెళ్లి మూకుడు తీసింది. ‘ఎందుకూ?’ అన్నారాయన.

‘కాపడం వద్దా?’

ఆయన ఓసారి అటూ ఇటూ వంగి చూసుకున్నారు. ‘వద్దులే. ఆకలేస్తోంది, అన్నం పెట్టు’ అన్నారు.